బోరు నీటిలో రామ్ చేపల గుడ్లు నిలవడం లేదు: నీటిని మార్చాలా, చేపను మార్చాలా?

ప్రశ్న (నిజాంపేట నుంచి)

అందరికీ నమస్కారం. మా ఇంట్లో రెండడుగుల పొడవున్న చేపల తొట్టి ఒకటి ఉంది. అందులో సుమారు 55 లీటర్ల నీరు పడుతుంది. స్పాంజి ఫిల్టరు, కొన్ని అనూబియాస్ మొక్కలు, ఒక జత జర్మన్ బ్లూ రామ్ చేపలు, వాటికి తోడుగా కొన్ని టెట్రాలు ఉన్నాయి. రామ్‌లు ఆరోగ్యంగానే ఉన్నాయి, రంగు బాగుంది, మేత బాగా తింటున్నాయి. ఇంట్లో నేలకు వేయగా మిగిలిన తాండూరు బండ ముక్కను తొట్టిలో పెడితే, ఆ జత దానినే నోటితో శుభ్రంగా తోమి, దాని మీదనే గుడ్లు పెడుతోంది. ఆడచేప వరుసగా గుడ్లు అంటిస్తూ ముందుకు సాగుతుంటే మగచేప వెనకాలే వాటి మీదుగా వెళుతుంది. అంతవరకు చూడముచ్చటగానే ఉంటుంది. మరునాటికల్లా సగానికి పైగా గుడ్లు తెల్లబడతాయి; మిగిలినవి రెండో రోజో మూడో రోజో మాయమవుతాయి. ప్రతిసారీ ఇదే వరస.

మా అపార్ట్‌మెంటుకు బోరు నీరే ఆధారం. వేసవిలో వచ్చే ట్యాంకర్లలో ఉండేదీ ఎక్కడో ఒక బోరు నుంచి తోడిన నీరే. గీజరులో సున్నం పేరుకుపోతుంది, సబ్బు నురగ రాదు, ఆ నీటితో పొయ్యి మీద పెడితే పప్పు ఎంతకీ ఉడకదు. అనుమానం తీరడానికి ల్యాబులో పరీక్ష చేయించాను. టీడీఎస్ (నీటిలో కరిగి ఉన్న మొత్తం పదార్థాలు) 780, మొత్తం కాఠిన్యం లీటరుకు 410 మిల్లీగ్రాములు, క్షారత 320 మిల్లీగ్రాములు, పీహెచ్ 7.2 అని నివేదిక వచ్చింది. అయితే తొట్టిలో నేను కొలిస్తే పీహెచ్ 8.2 కంటే తగ్గడం లేదు.

అక్వేరియం దుకాణంలో అడిగితే పీహెచ్ తగ్గించే ద్రావణం ఇచ్చారు. అది వేసిన రాత్రి 6.8 దగ్గరికి వస్తుంది, తెల్లవారేసరికి మళ్ళీ 8 దాటుతుంది. ఎండు బాదం ఆకులు వేసి చూశాను. నీరు డికాక్షన్ రంగుకు వచ్చింది గాని పీహెచ్ కదలలేదు. ఈ నీటిలో రామ్ పిల్లలను చూడడం అసలు సాధ్యమేనా, లేక ఈ నీటికి సరిపడే మరో చిన్న సిక్లిడ్‌ను (రామ్‌ల కుటుంబానికే చెందిన చేపను) ఎంచుకోవడం మంచిదా? పెద్ద తొట్టి మరొకటి పెట్టడానికి ఇంట్లో చోటు లేదు. చాలా బతిమాలిన మీదట 30 లీటర్ల చిన్న తొట్టికి మాత్రం వంటింటి పక్క వరండాలో అనుమతి దొరికింది.

జవాబు (మల్కాజిగిరి నుంచి)

మీ ప్రశ్నకు కావలసిన సమాధానంలో చాలా భాగం మీ ల్యాబు నివేదికలోనే ఉంది. మిల్లీగ్రాములలో ఇచ్చిన అంకెలను 17.8తో భాగిస్తే చేపల పెంపకందారులు వాడే డిగ్రీలు వస్తాయి. ఆ లెక్కన మీ నీటి జీహెచ్ 23 డిగ్రీలు, కేహెచ్ 18 డిగ్రీలు. మొదటిది కాల్షియం, మెగ్నీషియం ఎంత ఉన్నాయో చెబుతుంది. రెండోది బైకార్బొనేట్ ఎంత ఉందో చెబుతుంది. తాగునీటికి భారతీయ ప్రమాణం ప్రకారం కాఠిన్యం 200 మిల్లీగ్రాముల వరకు ఉండవచ్చు, వేరే నీటి వసతి లేని చోట 600 వరకు అనుమతిస్తారు. అంటే మీ నీరు మనుషులకు ఫరవాలేదు గాని, వెనెజువెలా, కొలంబియా దేశాలలోని ఒరినోకో నదీ మైదానాలలో, ఖనిజాలు దాదాపుగా లేని నీటిలో పుట్టిన రామ్‌ల గుడ్లకు మాత్రం చాలా బరువైనది. టీడీఎస్ మీటరు ఒక్కటే చూసి నిర్ణయం తీసుకునేవారు మనలో ఎక్కువ. ఆ అంకెలో ఉప్పు ఎంతో, సున్నం ఎంతో ఆ మీటరు చెప్పదు. కాబట్టి మీరు ల్యాబుకు వెళ్ళడం మంచి పని. ఈసారి వెళితే నైట్రేట్ కూడా అడగండి, నగరంలోని చాలా బోర్లలో అది ఎక్కువగానే ఉంటుంది.

పీహెచ్ విషయంలో మీకు కలిగిన అయోమయానికి కారణం కార్బన్ డయాక్సైడ్. భూమి లోపలి నుంచి అప్పుడే వచ్చిన బోరు నీటిలో ఆ వాయువు కరిగి ఉంటుంది గనుక ల్యాబులో 7.2 చూపించింది, తొట్టిలో గాలి తగిలి వాయువు బయటికి పోయాక అసలు పీహెచ్ బయటపడింది. ఒక బకెట్ నీటిలో రాత్రంతా ఎయిర్ పంపు నడిపి పొద్దున కొలిచి చూడండి, మీకే తెలుస్తుంది. దుకాణంలో ఇచ్చిన ద్రావణం పని చేయకపోవడానికీ మూలం ఇక్కడే ఉంది. మీరు వేసిన ఆమ్లాన్ని ముందు బైకార్బొనేట్ మింగేసి, కార్బన్ డయాక్సైడ్‌గా మారుతుంది. ఆ వాయువు నీటిలో ఉన్నంతసేపు పీహెచ్ తగ్గినట్టు కనిపిస్తుంది, అది ఎగిరిపోగానే యథాస్థితి. 18 డిగ్రీల కేహెచ్ ఉన్న నీటిలో బాదం ఆకుల ఆమ్లత లెక్కలోకి కూడా రాదు. ఆకులు వేయడం వల్ల నష్టమేమీ లేదు, వాటి మీద పెరిగే సూక్ష్మజీవులు చేపపిల్లలకు మేతగా పనికొస్తాయి. కాని ఆ ద్రావణాన్ని మాత్రం ఈరోజే పక్కన పెట్టండి. రోజూ 6.8కీ 8.2కీ మధ్య ఊగే నీటి కంటే, 8.2 దగ్గర స్థిరంగా ఉండే నీరే చేపకు హాయి.

అసలు గుడ్లను దెబ్బతీసేది ఎక్కువగా పీహెచ్ కాదు, కాల్షియం. నీటిలో పడిన కొద్ది నిమిషాలలోనే గుడ్డు నీటిని పీల్చుకొని ఉబ్బుతుంది, పై పొర బిగుసుకుంటుంది. మృదుజలానికి అలవాటైన జాతుల గుడ్లకు కాల్షియం ఎక్కువైతే ఆ ప్రక్రియ సరిగా జరగదు, ఫలదీకరణ శాతం కూడా పడిపోతుంది. అందువల్ల గుడ్లు పెట్టేశాక బండను తీసి మృదుజలంలోకి మార్చినా పెద్దగా ప్రయోజనం ఉండదు. గుడ్లు పెట్టే సమయానికే ఆ జత మృదుజలంలో ఉండాలి.

ఒక్క మాట మాత్రం చెప్పి తీరాలి. నేరం మొత్తాన్ని నీటి మీదకు నెట్టే ముందు గుడ్లను టార్చ్ లైటుతో దగ్గరగా గమనించండి. మొదటి పన్నెండు గంటల నుంచి ఒక రోజు లోపల తెల్లబడినవి ఫలదీకరణ చెందని గుడ్లు. వాటి మీద దూదిలా పెరిగే బూజు తర్వాత వచ్చింది, అది కారణం కాదు. అలా కాక, గుడ్లు తేనె రంగులో పారదర్శకంగా ఉండి, లోపల రెండు నల్లటి కంటి చుక్కలు కూడా కనిపించాక చెడిపోతుంటే, అక్కడ దోషం వేరు. మొదటి సందర్భంలో మగచేపను కూడా అనుమానించాలి. రంగు కోసం హార్మోన్లు పెట్టి పెంచిన చేపలు బజారులోకి వస్తుంటాయి, వాటిలో కొన్ని మగచేపలకు సంతాన సామర్థ్యం ఉండదు. రెండు ఆడచేపలే జత కట్టి గుడ్లు పెట్టే సందర్భాలూ ఉన్నాయి. పొట్ట మీద గులాబీ రంగు మచ్చ ఆడదానికే ఉంటుంది. మీ జతలో అది ఒక్కదానికే ఉందా, రెండింటికీ ఉందా అన్నది చూసుకోండి.

మగచేప మంచిదే అని తేలితే, ఆ 30 లీటర్ల తొట్టిని గుడ్ల కోసం కేటాయించండి. ఒక పాలు బోరు నీటికి నాలుగు పాళ్ళు ఆర్ఓ నీరు కలిపితే జీహెచ్ 5 దగ్గరకు, కేహెచ్ 4 దగ్గరకు వస్తాయి. ఈ స్థాయిలో రామ్‌లు పిల్లలు చేయడం మామూలే. కేహెచ్‌ను ఇంకా కిందికి లాగాలని ఆశపడవద్దు. 3 కంటే తగ్గితే చిన్న తొట్టిలో పీహెచ్ ఉన్నట్టుండి పడిపోయే ప్రమాదం ఉంది. ఇక్కడ రెండు జాగ్రత్తలు. మన ఇళ్ళలోని ఆర్ఓ యంత్రాలలో చాలావాటికి రుచి కోసం కొంత మూలజలాన్ని తిరిగి కలిపే టీడీఎస్ కంట్రోలరో, ఖనిజాలు చేర్చే గొట్టమో ఉంటుంది. యంత్రం నుంచి వచ్చే నీటి టీడీఎస్ 100 దాటితే ఆ కంట్రోలరును మెకానిక్ చేత తగ్గించుకోండి, లేదా పొర దాటిన వెంటనే నీరు పట్టుకునే ఏర్పాటు చేసుకోండి. రెండోది మీ తాండూరు బండ. అది సున్నపురాయి. బోరు నీటిలో దానివల్ల తేడా పెద్దగా తెలియదు గాని, ఆర్ఓ కలిపిన నీటిలో అది కొద్దికొద్దిగా కరుగుతూ మీరు తగ్గించిన కాఠిన్యాన్ని మళ్ళీ పెంచుతుంది. దాని బదులు నల్లటి గ్రానైట్ ముక్క వేయండి, హైదరాబాదులో దానికేం కొదవ? ఏ రాయి మీదనైనా అనుమానం ఉంటే స్నానాల గది కడిగే యాసిడ్ చుక్క ఒకటి వేసి, పొంగు వస్తే తొట్టిలో పెట్టకండి.

జతను ఒక్కసారిగా ఆ నీటిలో పడేయకూడదు. 780 టీడీఎస్ నుంచి ఏకంగా 180కి తెస్తే చేప శరీరం తట్టుకోలేదు. చిన్న తొట్టిని ముందు బోరు నీటితోనే నింపి, జతను అందులోకి మార్చి, రెండు మూడు వారాల పాటు నీరు మార్చిన ప్రతిసారీ ఆర్ఓ పాలు పెంచుకుంటూ వెళ్ళండి. ఉష్ణోగ్రత 28 డిగ్రీలు ఉంటే చాలు.

మరొక విషయం ఈ చర్చ చదివే మిగతావారి కోసం. గేటెడ్ కమ్యూనిటీలలో ఉప్పు బస్తాలు పోసి నడిపే సాఫ్టెనర్ ప్లాంటు నీరు మృదుజలమే కదా అని రామ్‌లకు వాడేవారు ఉన్నారు. ఆ ప్లాంటు కాల్షియం, మెగ్నీషియం తీసి వాటి స్థానంలో సోడియం పెడుతుంది; బైకార్బొనేట్ ఎక్కడిది అక్కడే ఉంటుంది, టీడీఎస్ తగ్గదు, పీహెచ్ తగ్గదు. సబ్బుకు అది మృదుజలం, రామ్‌కు కాదు.

జవాబు (సైనిక్‌పురి నుంచి)

పై సమాధానంలో రసాయన శాస్త్రంతో నాకు పేచీ లేదు, కాని ముగింపుతో ఉంది. ఒక లీటరు ఆర్ఓ నీటికి రెండు మూడు లీటర్లు కాలువ పాలవుతుంది. ఆ నీటితో ఇల్లు తుడుచుకోవచ్చు, మొక్కలకు పోయవచ్చు అని సర్ది చెప్పుకున్నా, బోర్లు ఎండిపోయే నిజాంపేటలో ఏప్రిల్, మే నెలల్లో వారం వారం ఆ పని చేయడం నాకు మనసొప్పదు. పైగా ప్రశ్న అడిగినవారు రెండో దారి కూడా అడిగారు. 23 డిగ్రీల కాఠిన్యం, 8.2 పీహెచ్ ఉన్న నీరు కొళాయి తిప్పగానే వస్తుంటే, దానిని వరంగా భావించే చేపలు ఉన్నాయి.

ఆఫ్రికాలోని టాంగన్యీకా సరస్సు నీటి పీహెచ్ 9కి దగ్గరగా, కేహెచ్ 16 నుంచి 19 డిగ్రీల మధ్య ఉంటుంది. మీ బోరు కేహెచ్ 18. అక్కడి నత్తగుల్లలలో కాపురముండే నియోలాంప్రోలోగస్ మల్టీఫాసియాటస్ అనే చేప, ఔత్సాహికులు ముద్దుగా మల్టీ అని పిలిచేది, ప్రపంచంలోని అతి చిన్న సిక్లిడ్‌లలో ఒకటి. మగది నాలుగైదు సెంటీమీటర్లు, ఆడది మూడు సెంటీమీటర్లకు కొంచెం అటూ ఇటూ పెరుగుతుంది. మీ రెండడుగుల తొట్టిలో ఒక గుంపు మొత్తం హాయిగా బతుకుతుంది. అడుగున రెండు అంగుళాల మందాన సన్నటి ఇసుక, దాని మీద చేపల సంఖ్య కంటే రెట్టింపు గుల్లలు పరచండి, అంతకుమించి అలంకరణ అక్కరలేదు. అప్పుడు మీ తాండూరు బండ కూడా నిక్షేపంగా తొట్టిలోనే ఉండవచ్చు. టాంగన్యీకా గుల్లలు మనకు దొరకవు గాని, చెరువు గట్ల మీద దొరికే పెద్ద నత్తగుల్లలు సరిగ్గా సరిపోతాయి. ఖాళీ గుల్లలనే ఏరి తెచ్చి, బాగా ఉడకబెట్టి, లోపల మిగిలిన మాంసం, బురద పూర్తిగా పోయేదాకా కడిగి వేయాలి.

ఆ తర్వాత అవి చేసే ఇంటిపని చూడవలసిందే. వేలెడంత కూడా లేని చేప నోటినిండా ఇసుక తీసుకొని, పక్క గుల్ల గడప దగ్గర ఉమ్మి వస్తుంది. ఆ గుల్లలోని చేప బయటికి వచ్చి దానిని మళ్ళీ ఎత్తి పోస్తుంది. ఇలా తవ్వుకుంటూ గుల్లను నోటి మట్టానికి ఇసుకలో పూడ్చేస్తాయి. గుడ్లు గుల్ల లోపలే పెడతాయి గనుక మీకు కనిపించవు. కొంతకాలానికి గుల్ల అంచున అర సెంటీమీటరు పిల్ల ఒకటి తొంగి చూసినప్పుడే సంగతి తెలుస్తుంది. ముందు పుట్టిన పిల్లలను తల్లిదండ్రులు తరిమేయవు. రెండు మూడు కాన్పుల పిల్లలు ఒకే గుంపులో కలిసి పెరుగుతాయి. పిల్లలను విడదీయడం, వేరే తొట్టి పెట్టడం వంటి శ్రమ ఏదీ ఉండదు. ఒక్కటే షరతు: ఆ తొట్టిలో టెట్రాలు, రామ్‌లు ఉండకూడదు.

గుల్లల చేపలలో రంగు లేదని అనిపిస్తే క్రిబెన్సిస్ పెంచండి. అది నైజీరియా, కామెరూన్ ప్రాంతపు చేప. పుట్టినచోటి నీరు మృదువైనదే అయినా, తరతరాలుగా తొట్లలో పెరుగుతున్నందువల్ల మన బోరు నీటిలోనూ గుడ్లు పొదిగి పిల్లలను తిప్పుతుంది. కొబ్బరి చిప్పకు అంచు దగ్గర రెండు వేళ్ళు పట్టేంత రంధ్రం చేసి బోర్లిస్తే అదే దాని గుహ. జత కుదిరిన ఆడచేప పొట్ట పండిన నేరేడు రంగుకు తిరుగుతుంది; అది మగచేప ఎదుట ఒళ్ళు విల్లులా వంచి వణికిస్తుంది. తర్వాత చిప్పలోకి దూరి కొన్ని రోజులు బయటికి రాదు. చచ్చిపోయిందేమోనని చిప్ప ఎత్తి చూడకండి, అలా కదిపితే గుడ్లు తినేస్తుంది. వారం, పది రోజులకు జత మొత్తం పిల్లల గుంపును వెంటబెట్టుకొని తొట్టి అంతా ఊరేగుతుంది. ఆ సమయంలో మీ టెట్రాలను ఒక మూలకు తరిమి కొడతాయి, చేయి పెడితే చేతినీ పొడుస్తాయి.

క్రిబెన్సిస్ విషయంలో ఒక చిక్కు ఉంది. వాటి పిల్లలలో ఆడ, మగ నిష్పత్తి నీటి పీహెచ్ మీద కొంత ఆధారపడుతుందని పరిశోధనలలో తేలింది: ఆమ్లత ఎక్కువైన నీటిలో మగవి, తటస్థానికి దగ్గరైన నీటిలో ఆడవి ఎక్కువగా వస్తాయి. మన నీటిలో పుట్టిన పిల్లల నుంచి జతలు కట్టాలనుకుంటే మగవాటి కొరత రావచ్చు.

పిల్లల మేతకు ఖరీదైన పొడులు అక్కరలేదు. లీటరు నీటిలో పాతిక గ్రాముల కల్లుప్పు కరిగించి, అడుగు కోసి తలకిందులుగా నిలబెట్టిన సీసాలో పోసి, చిటికెడు బ్రైన్ ష్రింప్ (ఉప్పునీటిలో బతికే చిన్న రొయ్యలాంటి జీవి) గుడ్లు వేసి గాలి వదిలితే, మన వాతావరణంలో ఒక రోజుకల్లా నారింజ రంగు పిల్లలు బయటికి వస్తాయి. గాలి ఆపి, సీసా కింద లైటు పెడితే అవి అడుగుకు చేరతాయి, ఖాళీ పెంకులు పైన తేలతాయి. సన్నటి గుడ్డలో వడకట్టి మంచినీటితో ఒకసారి కడిగి వేయండి. ట్యూబిఫెక్స్ పురుగులు చవకగా దొరుకుతాయి గాని మురుగు కాలువల నుంచి వస్తాయి, వాటి జోలికి పోవద్దు.

ప్రశ్న అడిగినవారు (నిజాంపేట)

ఇద్దరికీ కృతజ్ఞతలు. టార్చ్ వేసి చూశాను. తెల్లబడని గుడ్లలో రెండో రోజు కంటి చుక్కలు స్పష్టంగా ఉన్నాయి, కాబట్టి మగచేప పనికిరానిది కాదని అనుకుంటున్నాను. గులాబీ మచ్చ ఒకదానికే ఉంది. మా ఆర్ఓ నీటి టీడీఎస్ 140 చూపించింది. మెకానిక్‌ను పిలిచి కంట్రోలరు మూయించాక 35కు తగ్గింది. వంటింట్లో ఆ నీరు రుచిగా లేదని అప్పుడే ఫిర్యాదు కూడా వచ్చింది.

నాకు మరో రెండు సందేహాలు ఉన్నాయి. అపిస్టోగ్రామా కకాటువాయిడీస్ అనే చిన్న సిక్లిడ్ కఠిన జలాన్ని తట్టుకుంటుందని విన్నాను, నిజమేనా? ఇక వరండాలో పెట్టే తొట్టిలో మే నెలలో నీరు 32 డిగ్రీలు దాటుతుందని భయంగా ఉంది, దానికి ఏం చేయాలి?

జవాబు (తార్నాక నుంచి)

కకాటువాయిడీస్ పెరూ వైపు అమెజాన్ ఉపనదుల చేప. అపిస్టోగ్రామాలలో కఠిన జలాన్ని ఎక్కువగా ఓర్చుకునే వాటిలో అదొకటి, పరాగ్వే నది ప్రాంతపు బోరెల్లీ మరొకటి. అయితే ఓర్చుకోవడం వేరు, బాగా పిల్లలు చేయడం వేరు. జీహెచ్ 10 లేదా 12 వరకు కకాటువాయిడీస్ గుడ్లు బాగానే పొదుగుతాయి. మీ 23 డిగ్రీల వద్ద నేనైతే నమ్మకం పెట్టుకోను. బోరు నీరు, ఆర్ఓ నీరు సగం సగం కలిపితే ఆ స్థాయికి వచ్చేస్తారు. అంటే రామ్‌లకు నాలుగు పాళ్ళు కావలసిన చోట దీనికి ఒక పాలు చాలు. సైనిక్‌పురి మిత్రులు బాధపడిన నీటి వృథా కూడా చాలావరకు తగ్గుతుంది. ఒక మగచేపకు ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళను కూర్చడం ఆనవాయితీ గాని, 30 లీటర్లలో మాత్రం ఒక జతే ఉంచండి. గుడ్లు పెట్టాక ఆడచేప నిమ్మపండు పసుపు రంగుకు మారి, నల్లటి చారలతో ఉగ్రరూపం దాలుస్తుంది. తనకంటే రెండింతలున్న మగచేపనూ దగ్గరకు రానివ్వదు. మగది తప్పించుకోవడానికి మొక్కల చాటు లేకపోతే దానిని వేరే తొట్టిలోకి తీసేయండి.

ఎండల సంగతి. తొట్టి మూత తీసి, నీటి ఉపరితలం మీదుగా చిన్న ఫ్యాను గాలి తగిలేలా పెడితే రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది. హైదరాబాదు ఎండాకాలపు పొడిగాలి ఈ ఒక్క పనికి బాగా కలిసివస్తుంది. కాని ఆవిరయ్యేది నీరు మాత్రమే, సున్నం కాదు. తరిగిన నీటిని రోజూ బోరు నీటితో భర్తీ చేస్తూ పోతే నెల తిరిగేసరికి మీరు కష్టపడి తగ్గించిన కాఠిన్యం తిరిగి వస్తుంది. ఆవిరైన మేరకు ఆర్ఓ నీటినే పోయండి. వారానికోసారి నీరు మార్చేటప్పుడు మాత్రం కలిపిన నీటిని వాడండి. తొట్టి గోడ మీద ఒక గీత గీసుకుంటే ఎంత తరిగిందో తెలుస్తుంది.

వేడికి సంబంధించి మరొకటి. అపిస్టోగ్రామా జాతులలో ఉష్ణోగ్రత పెరిగేకొద్దీ మగపిల్లల శాతం పెరుగుతుందని జర్మన్ పరిశోధకులు రోమర్, బైసెన్‌హెర్ట్స్ 1996లో ప్రచురించారు. మే నెలలో పెట్టిన గుడ్ల నుంచి మగవే ఎక్కువ వస్తే ఆశ్చర్యపోవద్దు. నా అభిప్రాయంలో మనకు అనువైన కాలం అక్టోబరు నుంచి ఫిబ్రవరి వరకు; అప్పుడు హీటరుతో 26 డిగ్రీల దగ్గర నిలపడం, ఎండల్లో చల్లబరచడం కంటే చాలా సులువు. రామ్‌లకు మాత్రం ఈ లెక్క వర్తించదు, అవి 30 డిగ్రీలలోనూ సుఖంగానే ఉంటాయి.

జలమండలి నీరు వచ్చే ఇళ్ళవారికి ఒక సూచన. కృష్ణా, గోదావరి, మంజీరా నీరు బోరు నీటి కంటే మృదువైనదే గాని, దానిలో క్లోరిన్ ఉంటుంది. హైపో (క్లోరిన్‌ను పోగొట్టే మందు) వేయకుండా తొట్టిలో పోయకండి. చాలా అపార్ట్‌మెంట్లలో ఆ నీరూ బోరు నీరూ ఒకే సంపులో కలుస్తాయి గనుక, ఒకరోజు కొలిచిన అంకె మరోరోజుకు పనికిరాదు. నీరు మార్చే ప్రతిసారీ కొలవాలి. వానాకాలంలో మొదటి రెండు మూడు వానలకు డాబా కడిగాక, ఆ తర్వాతి వాన నీటిని శుభ్రమైన డ్రమ్ములో పట్టుకున్నా ఆర్ఓ నీటితో సమానంగా పనిచేస్తుంది.

జవాబు (అత్తాపూర్ నుంచి)

ఆఫ్రికా, దక్షిణ అమెరికా అన్నీ తిరిగి వచ్చారు గాని మన దక్షిణ భారతపు సిక్లిడ్‌ను ఎవరూ తలచుకోలేదు. ఆరెంజ్ క్రోమైడ్ దక్షిణ భారతదేశంలోనూ శ్రీలంకలోనూ సహజంగా దొరుకుతుంది. మంచినీటిలోనూ సముద్రపు పాయల ఉప్పునీటిలోనూ బతుకుతుంది, కఠిన జలమంటే దానికి ఇష్టం. ఎనిమిది సెంటీమీటర్లకు మించదు. తల్లిదండ్రులు రెండూ గుడ్ల మీదికి రెక్కలతో నీటిని విసురుతూ కాపలా కాస్తాయి. పిల్లలు ఈదడం మొదలుపెట్టాక తల్లిదండ్రుల ఒంటి మీది జిగురు పొరను కొరుక్కుని తింటాయి. మీ 55 లీటర్లు ఒక జతకు సరిపోతాయి గాని గుంపుకు చాలవు. ధర కూడా రామ్‌ల కంటే చాలా తక్కువ.

మీరు ఏ చేపను ఎంచుకున్నా, మిగిలిపోయిన పిల్లలను చెరువులోనో హుస్సేన్ సాగర్‌లోనో వదలకండి. తొట్ల నుంచి పారేసిన సక్కర్ చేపలు మన చెరువులలో, కాలువలలో పెరిగి జాలర్ల వలలు చింపుతున్న సంగతి తెలిసినదే. దుకాణంవారికి ముందే చెప్పి ఉంచితే మేతకో హీటరుకో బదులుగా పిల్లలను తీసుకుంటారు.

ప్రశ్న అడిగినవారు (నిజాంపేట)

అందరి సలహాలూ చదివాక ఈ నిర్ణయానికి వచ్చాను. రామ్‌లు 30 లీటర్ల తొట్టిలోకి, ఆర్ఓ కలిపిన నీటిలోకి నెమ్మదిగా మారతాయి. ఈ చలికాలం దాటేలోగా పిల్లలు కాకపోతే ఆ తొట్టి కకాటువాయిడీస్ జతకు ఇస్తాను. టెట్రాలను మా బంధువులు తీసుకుంటామన్నారు గనుక పెద్ద తొట్టిలో బోరు నీటితోనే మల్టీలు పెడతాను. సైనిక్‌పురి వారికి చివరిగా ఒక ప్రశ్న: నత్తగుల్లలు ఉడకబెట్టాక కూడా వాసన వస్తుంటే వాడవచ్చా?

జవాబు (సైనిక్‌పురి నుంచి)

వాడవద్దండీ. వాసన వస్తోందంటే చుట్టు లోపలి కొసలో ఇంకా మాంసం ఇరుక్కుని ఉందని అర్థం. తొట్టిలో అది కుళ్ళి అమ్మోనియా పెంచుతుంది. అలాంటి గుల్లలను ఒక బకెట్ నీటిలో వేసి ఎండలో ఉంచి, రెండు రోజులకోసారి నీరు మారుస్తూ, నీటి ధార లోపలికి కొట్టి ఊపండి. వారం పది రోజులలో లోపలిది కరిగి ఊడి వస్తుంది. ఆ తర్వాత మళ్ళీ ఒకసారి ఉడకబెట్టి, ఎండబెట్టి, ముక్కు దగ్గర పెట్టుకుని చూసి వేయండి. అంచులు పగిలిన గుల్లలుంటే ఆకురాయితో నున్నగా రాసి వేయండి, లేకపోతే దూరేటప్పుడు చేప పొలుసులు గీసుకుపోతాయి.